ముప్పాతిక సెంటు కరువు

ప్రభుత్వం వారి లెక్క ప్రకారం ఆ ఏడు మెరకపాలెం మండలంలో కరువు వచ్చింది. వచ్చిన కరువంతా ధర్మలింగం గారి పెరట్లోనే, ముప్పాతిక సెంటు మేర వచ్చింది. అదే వారంలో మురుగు కాలవ పొంగి బడికి సెలవిచ్చారు, బస్సులు ఆపేశారు. కానీ వరద చూసే శాఖ వేరు, కరువు చూసే శాఖ వేరు. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టే అలవాటు మన దగ్గర లేదు.

ఈ కథ మొదటి నుంచీ చెప్పుకోవాలి.

ధర్మలింగం గారు ముప్పయ్యారేళ్లు పెద్దకాలవ లాకు దగ్గర పనిచేసి రిటైరయ్యారు. లాకు తలుపులు ఎత్తడం, దించడం, పొద్దునా సాయంత్రం నీటిమట్టం చూసి పుస్తకంలో రాయడం ఆయన ఉద్యోగం. అంగుళం తేడా కంటితో చెప్పేస్తారని ఆయనకి పేరు. అంతటి మనిషి ఇంటి పెరడు మాత్రం ఎత్తుపల్లాలతో, పందికొక్కులు తవ్విన గోతులతో అధ్వానంగా ఉండేది. పూడుస్తాను పూడుస్తాను అంటూ రెండేళ్లు గడిపేశారు. ఆ రెండేళ్ల బద్ధకానికి శిక్ష ఆయనకి పడలేదు. వైశాఖమాసంలో ఆయన భార్య మంగతాయారు గారు తడిబట్టలు ఆరేయడానికి పెరట్లోకి వెళ్లి, గోతిలో కాలు మడతపడి, తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు.

ఆపరేషన్ బాగానే జరిగింది, ఎముక అతుక్కుంది. అతుక్కోనిది ధైర్యమే. ఆవిడ నాలుగు కాళ్ల వాకర్ పట్టుకుని మంచం నుంచి స్నానాల గదికి, అక్కణ్నుంచి వెనక వసారాలో ప్లాస్టిక్ కుర్చీకి నడిచేవారు. అంతే. గడప దాటమంటే తల అడ్డంగా ఊపేవారు. వారానికోసారి వచ్చే ఫిజియోథెరపీ డాక్టరు బతిమాలాడు, బెదిరించాడు. చివరికి ధర్మలింగం గారిని పక్కకి పిలిచి, కార్తీకమాసం వెళ్లేలోగా ఆవిడ వాకర్ వదిలి రోజుకి పది అడుగులైనా వేయకపోతే కాలి కండ కరిగిపోతుందనీ, ఆపైన కుర్చీయే గతి అనీ చెప్పేశాడు.

ధర్మలింగం గారికి ఆ మాట శూలంలా దిగింది. తప్పు తనది. భార్య ఒక్కసారైనా ఆ మాట అనలేదు, అదే ఆయనకి మరీ నరకంగా ఉంది. ఆ సాయంత్రం ఆవిడ దగ్గర చతికిలబడి, ఏం చేస్తే అడుగు వేస్తావని అడిగారు. ఆవిడ పెరటి కేసి చూశారు.

"నేలంటే నమ్మకం పోయిందండి," అన్నారు. "సమంగా, మెత్తగా ఉంటే వేస్తానేమో. పడ్డా దెబ్బ తగలకుండా."

మర్నాడు పొద్దున్నే ఆయన గునపం పట్టారు. ఇద్దరు కూలీలను పంపిస్తానని పక్కింటి రైతు నాగన్న అంటే వద్దన్నారు. గొయ్యి వదిలేసిన చేతులే పూడ్చాలని పట్టుబట్టారు. తుంగ గడ్డలు తవ్వి తీశారు. గరిక వేళ్లు పీకారు. రాళ్లూ పెంకులూ జల్లెడ పట్టి ఏరారు. ఎర్రమట్టి, ఇసక, పశువుల గెత్తం కలిపి పరిచారు. నాలుగు మూలలా మేకులు దిగ్గొట్టి, పురికొస లాగి, తాపీమేస్త్రీల పద్ధతిలో సన్నటి గొట్టంలో నీళ్లు పోసి మట్టం చూశారు. పాత ఇనప పీపా నిండా నీళ్లు పట్టి, దాన్నే రోలరులా ఆ చివర నుంచి ఈ చివరకి దొర్లించారు. ఈ పనికి ఆయనకి పదకొండు రోజులు పట్టింది, నడుం పట్టేసి అందులో మూడు రోజులు మంచం మీదే పోయాయి.

పన్నెండో రోజున జల్లు కురిసింది. నేల ఎంత సమంగా ఉందంటే, పడ్డ చుక్క పడ్డచోటే ఉండిపోయింది. పెరడంతా నాలుగు వేళ్ల లోతున నీళ్లు నిలిచి తళతళలాడాయి. కుర్చీలోంచి మంగతాయారు గారు ఆ వైభవం తిలకించి, లాకుల మనిషికి నీళ్లు ఆపడం తెలిసినంతగా పంపించడం తెలియదేమోనని నెమ్మదిగా అన్నారు. తుంటి విరిగాక ఆవిడ వేసిన మొదటి హాస్యం అది. ధర్మలింగం గారు ఆనందంగా మళ్లీ గునపం పట్టి, ఇంటి వైపు నుంచి కాలవ వైపు రెండంగుళాలు వాలు వచ్చేలా అంతా తిరగదోడారు.

కడియం నర్సరీల నుంచి ట్రాలీ ఆటోలో గడ్డి పలకలు వచ్చాయి. అడుగు వెడల్పున మట్టితో సహా కోసి, చాపల్లా పేర్చిన పచ్చగడ్డి. ఇటుకల వరసలో లాగా అతుకు మీద అతుకు రాకుండా ఒక్కొక్కటే పరిచి, చెక్కతో తట్టి, సందుల్లో ఇసక కూరారు. ఇరవై ఒక్క రోజులు ఎవరూ తొక్కకూడదనీ, పూటపూటా తడపాలనీ నర్సరీ వాళ్లు చెప్పారు. ఇరవై రెండో రోజు శుక్రవారం. ఆ రోజు కాలు పెడతానని మంగతాయారు గారు మాటిచ్చారు.

పదో రోజున వ్యవసాయ సహాయకురాలు హేమదుర్గ స్కూటీ మీద వచ్చింది.

ఆ పదిహేను రోజులూ నూరు శాతం పంట నమోదు పక్షోత్సవాలు నడుస్తున్నాయి. కిందటేడు తొంభై ఎనిమిది శాతం నమోదై, మిగిలిన రెండు శాతం ఎక్కడ దాక్కుందో తెలియక పై వాళ్లకి నిద్రపట్టలేదు. ఈ ఏడు ఉపగ్రహాన్ని దింపారు. ఆకాశం నుంచి చూసినప్పుడు కొత్తగా పచ్చబడ్డ చోటల్లా పంట కింద లెక్క. సిబ్బంది అక్కడికి వెళ్లి ఏం పంటో రాసుకురావాలి, అంతే. పంట కాదని రాసే వీలు లేదు. హేమదుర్గ చేతిలోని పలకలాంటి యంత్రంలో ధర్మలింగం గారి పెరడు పచ్చగా మిలమిలలాడుతోంది.

ఇది లాను గడ్డి అనీ, తినేది కాదు, అమ్మేది కాదు, కేవలం తొక్కేదనీ ఆయన నచ్చజెప్పారు. ఆ పిల్ల ఒప్పుకుంది కూడా. ఒప్పుకుని, జాబితా తెరిచింది. వరి, మొక్కజొన్న, మినుము, పెసర, చెరకు, పొగాకు, అలా నూట పన్నెండు పంటలున్నాయి. అందులో లాను లేదు. ఆఖర్న "ఇతర చిరుధాన్యాలు" అని ఒకటుంది.

"అది నొక్కకపోతే ఈ పేజీ నుంచి బయటకి రానివ్వదండి, బాబాయిగారూ," అంది. "నా హాజరు కూడా ఇందులోనే ఉందండి."

ఆ పిల్ల ఎండలో నిలబడి చెమటలు కక్కుతోంది. ధర్మలింగం గారికి జాలేసింది. పైగా ఆ పిల్ల వేలిముద్ర యంత్రం ముందుకి చాపింది. ఈ రోజుల్లో బియ్యానికి వేలు, పింఛనుకు వేలు, సిమ్ముకు వేలు. యంత్రం కనిపిస్తే చాలు, బొటనవేలు దానంతటదే లేస్తుంది. ధర్మలింగం గారి వేలూ లేచింది. కీచుమని యంత్రం కూసింది. ఆయన రైతయ్యారు. పంటతో రైతు ఫోటో కావాలంటే మీసం సవరించుకుని మరీ నిలబడ్డారు, అది ఒప్పుకోవాలి.

శుక్రవారం వచ్చింది. మంగతాయారు గారు తలంటుకుని, కాళ్లకి పసుపు రాసుకుని, నేత చీర కట్టుకుని వసారాలో కూర్చున్నారు. ధర్మలింగం గారు ఆవిడ చెప్పులు తీసి పక్కన పెట్టారు. ఆవిడ వాకర్ మీద బరువు మోపి లేవబోతుండగా పక్క సందులోంచి జీపు శబ్దం అయింది. మండల వ్యవసాయాధికారి చక్రధరం గారు నాలుగు మేకులు, ఒక తాడు, ఒక టేపు, ఒక రేకు బోర్డుతో దిగారు. వెనకే తలవంచుకుని హేమదుర్గ.

చక్రధరం గారు ముప్పయ్యేళ్లుగా ఫైళ్లు చదివీ చదివీ మామూలు తెలుగు మరిచిపోయిన మనిషి. హోటల్లో కాఫీ అడిగినా "ఒక కాఫీ మంజూరు చేయవలెను" అనేవారు. ఆయన గొంతు సవరించుకున్నారు.

"యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక ననుసరించి తమరి క్షేత్రము పంటకోత ప్రయోగమునకు ఎంపిక చేయబడినది. తమరి సంపూర్ణ సహకారము ఆశించడమైనది."

సంగతేమిటంటే, ప్రతి పంటకీ మండలంలో ఒక చేనును చీటీ వేసి ఎంచుతారు. అందులో అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు చదరం గుర్తుపెట్టి, పండాక కోసి, నూర్చి, గింజలు తూస్తారు. ఆ తూకాన్ని బట్టి మండలం మొత్తానికి దిగుబడి లెక్క కడతారు. ఇతర చిరుధాన్యాలు వేసిన రైతు మండలంలో ధర్మలింగం గారొక్కరే. ఒక్క పేరు లోంచి ఒక్క పేరు తీయడానికి కూడా చక్రధరం గారు నిబంధన ప్రకారం ఇద్దరు సాక్షుల ముందు చీటీ వేయించారు. చీటీలో ఆయన పేరే వచ్చింది.

పెరడు ఆరు మీటర్లు, అయిదున్నర మీటర్లు. అయిదుకి అయిదు చదరం కొలిచి తాడు కట్టేసరికి మిగిలింది ఓ వైపు గోడల పక్క జానెడు, ఓ వైపు మూరెడు. డెబ్బై అయిదు రోజుల పంటకాలం పూర్తయ్యేదాకా మనిషి గాని, పశువు గాని, కోడి గాని అందులో అడుగు పెట్టరాదన్నారు. మధ్యలో బోర్డు పాతారు. "ప్రభుత్వ ప్రయోగ క్షేత్రము. ప్రవేశము నిషిద్ధము."

ధర్మలింగం గారు చేతులు జోడించారు. మా ఆవిడ నడవడానికి వేసుకున్న గడ్డి బాబూ అన్నారు. చక్రధరం గారు సానుభూతితో తలాడించి, రైతు కుటుంబసభ్యుల ఆరోగ్యం గురించిన గడి తమ నమూనా పత్రంలో లేదని విచారం వెలిబుచ్చారు.

మంగతాయారు గారు మళ్లీ కుర్చీలో కూర్చున్నారు. ఆవిడ ముఖంలో నిరాశ కన్నా ఊరట ఎక్కువగా ఉంది. ధర్మలింగం గారిని భయపెట్టింది అదే. ఆ రోజు నుంచీ డాక్టరు ఎప్పుడు అడుగు వేయమన్నా ఆవిడ బోర్డు కేసి వేలు చూపించేవారు. చదువుకున్న వాళ్లు మీరు, ప్రవేశం లేదని రాసి ఉంది కదా అనేవారు. చట్టాన్ని అంత శ్రద్ధగా పాటించిన పౌరురాలు ఆ మండలంలో మరొకరు లేరు.

ధర్మలింగం గారు సోమవారం అర్జీల రోజున మండలాఫీసుకి వెళ్లారు. మా పెరట్లో ఉన్నది పంట కాదు, ఉత్త గడ్డి, కాబట్టి బోర్డు తీయించవలసిందని రాసిచ్చారు. కిటికీ వెనక గుమాస్తా కంప్యూటర్లో రైతు ఫిర్యాదులకి అయిదు రకాలే ఉన్నాయి. విత్తనం, ఎరువు, తెగులు, కలుపు, గిట్టుబాటు ధర. ఆయన అర్జీని రెండుసార్లు చదివి, చేలో గడ్డి ఉందన్న రైతు బాధ గ్రహించి, కలుపు కింద వేశాడు.

గురువారం పొద్దున ఒక మనిషి వీపున మందు డబ్బా, ముక్కుకి గుడ్డ కట్టుకుని దిగాడు. కలుపు మందు పిచికారీకి వచ్చాడట, పూర్తిగా ఉచితమట, గంటలో గడ్డి అన్నది లేకుండా మాడ్చేస్తాడట. ధర్మలింగం గారు రెండు చేతులూ చాపి గడ్డికి అడ్డం నిలబడ్డారు. అతను పైనుంచి ఆర్డరు ఉందన్నాడు. పెనుగులాట అయ్యేదే. అంతలో వసారాలోంచి మంగతాయారు గారు, బాబూ ఆ బోర్డు చదివి తర్వాత కొట్టు అన్నారు. చదివాడు. ప్రవేశించకుండా పిచికారీ చేసే ఏర్పాటు అతని డబ్బాకి లేదు. పని అయినట్టు తాడు ఇవతలే నిలబడి బోర్డు కనిపించేలా ఫోటో తీసుకుని వెళ్లిపోయాడు. మధ్యాహ్నానికి ధర్మలింగం గారి ఫోనుకి సందేశం వచ్చింది. మీ అర్జీ సంతృప్తికరముగా పరిష్కరించబడినది.

డెబ్బై అయిదో రోజుకి వాయుగుండం పట్టింది. మూడు రోజులుగా ఒకటే వాన. గొడుగుల కింద చక్రధరం గారు, హేమదుర్గ, ఇద్దరు సాక్షులు, కాటా, తేమ కొలిచే పరికరం, కొడవలితో నాగన్న. కోయడానికి చెయ్యి తిరిగిన రైతు ఉండాలన్నది నిబంధన. మోకాలు ఎత్తు పెరిగిన గడ్డి వానకి తలలు వాల్చి ఉంది.

ముందుగా కోయాలా, పీకాలా అన్న చర్చ వచ్చింది. వరి కోస్తారు, వేరుశనగ పీకుతారు. ఇతర చిరుధాన్యాల గురించి పుస్తకంలో లేదు. పీకడం అనగానే ధర్మలింగం గారు తాడుకి అడ్డం వచ్చి నిలబడ్డారు. చక్రధరం గారు జిల్లాకి ఫోను చేశారు, జిల్లా వారు పైకి చేశారు. నలభై నిమిషాలు అందరూ వానలో నిలబడ్డాక, కోయవచ్చుననీ, అయితే ఇది ముందు ముందు ఆనవాయితీ కాజాలదనీ జవాబు వచ్చింది. నాగన్న వంగి పావుగంటలో చదరమంతా సాపుగా కోసి పడేశాడు. మీసం గొరిగినట్టు తయారైంది లాను. మూడు నెలల్లో ప్రభుత్వం వల్ల ఆ పెరటికి జరిగిన ఒకే ఒక్క మేలు అది.

కోసిన గడ్డిని వసారాలో బల్లకేసి కొట్టారు. చేటలో పోసి తూర్పారబట్టారు. రెండు మిడతలు, ఒక బీడీ ముక్క రాలాయి. చక్రధరం గారు వాటిని విడిగా పెట్టించి, కాటా వేయించారు.

"గింజ, సున్నా గ్రాములు," అని హేమదుర్గ చదివింది.

నాగన్న కొడవలి తుడుచుకుంటూ, నీళ్లలో తన రెండెకరాల వరీ పడుకుందనీ, మొలకలు కూడా వస్తున్నాయనీ, వచ్చిన కాళ్లతో అదీ ఓసారి చూడండనీ అడిగాడు. అది ప్రయోగ క్షేత్రం కాదని చక్రధరం గారు ఓర్పుగా వివరించారు. నాగన్న బల్ల మీది గడ్డి మోపు కట్టుకుని గేదెలకి పట్టుకుపోయాడు.

సున్నా వేస్తే యంత్రం ముందుకి కదలలేదు. కారణం చెప్పమంది. వరద అన్న గడి ముందురోజుతో గడువు తీరి మూసేశారు. మిగిలినవి మూడు. కరువు, అగ్నిప్రమాదం, అడవిపందులు. అడవిపందులంటే అటవీ శాఖ సంతకం కావాలి, అగ్ని అంటే ఫైరు వాళ్లది. కరువుకి ఎవరి సంతకమూ అక్కర్లేదు. చూరు నుంచి ధారలు కడుతున్న నీళ్ల మధ్య, గొడుగు కింద, హేమదుర్గ కరువు నొక్కింది. ఇతర చిరుధాన్యాలలో మెరకపాలెం మండలం నూరు శాతం పంట నష్టపోయింది. ఆ నష్టం రాష్ట్రంలోకెల్లా మొదటి స్థానంలో నిలిచింది. మర్నాడు పై వాళ్ల దగ్గర ఎర్ర దీపం వెలిగింది.

ఇక గడ్డి తమదేననుకున్నారు ధర్మలింగం గారు. బోర్డు పీకడానికి చెయ్యి వేశారో లేదో చక్రధరం గారి దగ్గర్నుంచి కబురు వచ్చింది. కరువు పరిశీలనకి పెద్ద బృందం వస్తోంది. వాళ్లొచ్చేదాకా కరువును యథాతథ స్థితిలో కాపాడాలి.

కరువు యథాతథంగా లేదు. వానలకి గడ్డి మళ్లీ చిగురించి పచ్చగా నవ్వుతోంది. చక్రధరం గారు వచ్చి చూసి కంగారుపడ్డారు. రికార్డులో ఎండిపోయిన పంట నేల మీద పచ్చగా ఉంటే తన ఉద్యోగం ఏం కావాలి? రికార్డు మార్చడం కుదరదు, కాబట్టి నేలని మార్చాలి. సాయంత్రానికల్లా గోదాము నుంచి పెద్ద నల్ల బరకం వచ్చింది. పెరటి మీద పరిచి, అంచులకి ఇటుకలు పెట్టారు. కరువు వానకి తడవకూడదు కదా.

బరకం కింద పద్నాలుగు రోజులు. అయిదో రోజున ధర్మలింగం గారు ఓ అంచు ఎత్తి చూశారు. గడ్డి పచ్చకామెర్ల రోగిలా పసుప్పచ్చగా పాలిపోయింది. ఆయనకి కళ్లనీళ్లు తిరిగాయి. ఆ వారమే డాక్టరు టేపుతో మంగతాయారు గారి పిక్క కొలిచి, అర అంగుళం తగ్గిందని చెప్పి, కార్తీకం ఇంకా పదకొండు రోజులే ఉందని గుర్తుచేశాడు. ఆయన కోపం పట్టలేక బరకం లాగి గోడ అవతల పారేశారు. గంటలో హేమదుర్గ పరిగెత్తుకొచ్చింది. పైనుంచి మళ్లీ ఉపగ్రహం చూసిందట, ఇంకా కొంత పచ్చగానే అగుపించిందట. తనది పక్కా ఉద్యోగం కాదనీ, తీసేస్తే ఇంట్లో తిండి లేదనీ ఆ పిల్ల గోడ దగ్గర నిలబడి ఏడ్చింది. ధర్మలింగం గారు ఏం చేస్తారు, బరకం తనే తెచ్చి పరిచారు. ఆ తర్వాత ఆ పిల్ల రోజూ పొద్దున్నే వచ్చి, ఎవరూ చూడకుండా ఓ పక్క ఎత్తి కాస్త గాలి తగలనిచ్చి పోయేది. ఇవన్నీ కుర్చీలోంచి మంగతాయారు గారు చూస్తూనే ఉన్నారు. ఇదివరకులా బోర్డు కేసి వేలు చూపించడం మానేశారు.

బృందం మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు వేసుకుని దిగింది. దారిలో రెండు చోట్ల జీపు నీళ్లలో ఆగిపోయిందట. బృందం నాయకుడు పెద్ద అధికారి, పొడుగ్గా, అలసటగా ఉన్నాడు. ఒక్క పెరటి పుణ్యమా అని మండలమంతా కరువు ప్రకటించవలసి వస్తుందేమోనని ఆయన దిగులు. వాన కురుస్తున్న మండలానికి కరువు ప్రకటిస్తే పేపర్ల వాళ్లు ఊరుకోరు. ప్రకటించకపోతే లెక్కలు ఊరుకోవు. తప్పించుకునే దారి ఏదైనా ఉందా అని చూడ్డానికే ఆయన అంతదూరం వచ్చాడు.

చక్రధరం గారు బరకం తీయించారు. గడ్డి సగం పసుపు, సగం పచ్చ.

"ఇందులో కరువు ఏదీ?" అని అడిగాడు పెద్ద అధికారి.

చక్రధరం గారికి చెమట పట్టింది. పైకి కొంత జీవము ఉన్నట్లు భ్రమ కలుగుచున్నదనీ, వేరు భాగము పూర్తిగా నిర్జీవమనీ, ఒక నమూనా సమర్పించెదననీ చెప్పి వంగారు. రెండు చేతులా ఒక గడ్డి పలక అంచు పట్టుకుని లాగారు. వేళ్లు పటపటమన్నాయి. అవి చావలేదు, నేలని గట్టిగా పట్టుకునే ఉన్నాయి. చక్రధరం గారు బూటు తన్నిపెట్టి ఇంకా బలంగా లాగారు. పలక చాపలా లేచి రాసాగింది. ధర్మలింగం గారు అయ్యో అని ముందుకి వెళ్లబోతే ఇద్దరు సిబ్బంది పట్టుకుని ఆపారు.

అప్పుడు కుర్చీ కిర్రుమంది.

ఎవరూ అటు చూడలేదు. మంగతాయారు గారు వసారా స్తంభం పట్టుకుని లేచి, మెట్టు దిగి, ఉత్త కాళ్లతో తాడు దాటి, గడ్డి మీదుగా ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వచ్చారు. వాకర్ వసారాలోనే ఉంది. వచ్చి, చక్రధరం గారు ఎత్తుతున్న పలక మీద పాదం పెట్టి నిలబడ్డారు. పలక మళ్లీ నేలకి అతుక్కుంది. చక్రధరం గారు వంగినవారు వంగినట్టే ఉండిపోయారు.

"వదలండి," అన్నారావిడ. ఆయాసపడుతున్నారు. "మా ఆయన నడుం విరగ్గొట్టుకుని వేశారండి ఇది. మీరు లాగడానిక్కాదు."

ధర్మలింగం గారు లోపల అడుగులు లెక్కపెడుతున్నారు. మెట్టు దగ్గర్నుంచి అక్కడికి తొమ్మిది.

పెద్ద అధికారి తాడు పక్కకి వచ్చి, ఇది దేనికి వాడతారమ్మా అని మర్యాదగా అడిగాడు.

"నడవడానికండి. ఇంక దేనికీ కాదు."

పెద్ద అధికారి ముఖం వికసించింది. గబగబా తన నమూనా పత్రం తిరగేశాడు. పద్నాలుగో గడి, భూమి ప్రస్తుత వినియోగం. నడకకి వాడే భూమి సాగుభూమి కాదు. సాగుభూమి కాకపోతే అందులో పంట లేదు, పంట లేకపోతే నష్టం లేదు, నష్టం లేకపోతే కరువు లేదు. నాలుగు నెలల నుంచి ధర్మలింగం గారు చేతులు జోడించి చెబుతున్న మాటే అది. ఇప్పుడది గడిలో పట్టింది. అక్కడికక్కడే రాయించాడు. "సదరు భూమి ఎట్టి పంటకును పనికిరాదు. నడకకు మాత్రమే యోగ్యము. ఇతర చిరుధాన్యాల జాబితా నుండి తొలగించడమైనది."

కానీ గడికి సాక్ష్యం జతచేయాలి. మనిషి నడుస్తున్న ఫోటో.

"మీరు మెట్టు దగ్గర్నుంచి ఇంకోసారి నడిచి రావాలమ్మా," అన్నాడు.

ఆవిడ భర్త వంక చూశారు, పాదాల కింద గడ్డి వంక చూశారు, వెనక్కి తిరిగి మెట్టు దాకా నడిచి, మళ్లీ వచ్చారు. హేమదుర్గ తీసిన ఫోటోలో ఊరు పేరు, తేదీ పడలేదు. మబ్బు మూలాన ఉపగ్రహం అందలేదట. మళ్లీ నడవాలన్నారు. నడిచారు. ఈసారి పేరు పడింది గాని, రైతు లేడు. సాక్ష్యంలో రైతు ఉండాలి. ధర్మలింగం గారు వెళ్లి ఆవిడ పక్కన నిలబడ్డారు, ఇద్దరూ కలిసి మూడోసారి నడిచారు. ఆయన చెయ్యి అందించబోతే ఆవిడ అందుకోలేదు. డాక్టరు నాలుగు నెలలుగా పది అడుగులకి కాళ్లావేళ్లా పడుతుంటే, ప్రభుత్వం పావుగంటలో అరవై వేయించింది.

తాడు విప్పారు, మేకులు పీకారు, బోర్డు జీపులో వేశారు. పెద్ద అధికారి రబ్బరు బూట్లు దులుపుకుని ముందు సీట్లో ఎక్కాడు. కరువు రద్దయిపోయిందన్న దిగులుతో ఆఖరుగా బయల్దేరిన చక్రధరం గారు గేటు దగ్గర వెనక్కి తిరిగి చూశారు. మంగతాయారు గారు ఇంకా నడుస్తూనే ఉన్నారు. బహుశా ఆ ముప్పయ్యేళ్లలో మొదటిసారి ఆయన మామూలు తెలుగులో మాట్లాడారు.

"ఇక కూర్చోండమ్మా. సాక్ష్యం సరిపోయింది."

"మీకు సరిపోయిందేమోనండి," అని ఆవిడ గోడ దగ్గర వెనక్కి తిరిగి, మళ్లీ బయల్దేరారు.